మగ్గం ఇంటి నుంచి ప్రయోగశాలకు



తల్లీ, నీ ఉత్తరం అందింది. బిడ్డ పుట్టాక మళ్లీ డిగ్రీలో చేరావని ఎంత సంతోషించానో, బయోమెటీరియల్స్‌లో వేసవి పరిశోధనకు దరఖాస్తు పెట్టమని కెమిస్ట్రీ మేడం చెబితే వెనకాడుతున్నావని అంత బాధపడ్డాను. "ఇరవై ఏళ్ల పిల్లల మధ్య నేనెక్కడ? మగ్గం తప్ప నాకేం తెలుసు?" అని రాశావు. ఆ మగ్గం చిన్నదేమీ కాదు.

ఒంట్లో అమర్చినా ఒంటికి హాని చేయకుండా పనిచేసే పదార్థాల గురించిన చదువే బయోమెటీరియల్స్. గుండె కవాటం, కృత్రిమ తుంటికీలు, కంట్లో పెట్టే లెన్సు, కుట్లు వేసే దారం అన్నీ దీని కిందికే వస్తాయి. ధర్మవరంలో మీ నాన్న రంగు అద్దే ముందు పట్టునూలును సబ్బు, సోడాతో ఉడికించి బంక వదిలిస్తాడు కదా, పట్టు మీద పరిశోధన చేసేవాళ్ల మొదటి పనీ అదే. పట్టుగూళ్లను కత్తిరించి సోడియం కార్బొనేట్ నీళ్లలో మరిగిస్తారు. వదిలిపోయే బంక సెరిసిన్, మిగిలే పోగు ఫైబ్రోయిన్. ఫైబ్రోయిన్‌ను లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగించి, డయాలిసిస్‌తో ఆ ఉప్పు తీసేసి, పలుచటి పొరగానో స్పాంజిగానో చేసి దాని మీద కణాలను పెంచుతారు. ఎక్కువసేపు మరిగిస్తే ప్రొటీన్ గొలుసులు తెగి పోగు బలం తగ్గుతుంది. ఆ సంగతి పుస్తకం చదవకముందే నీ వేళ్లకు తెలుసు.

పట్టే కాదు, గుడ్డ కూడా ఈ రంగంలో పనికొస్తుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర వైద్య సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం గుండె కవాటం తయారుచేసింది. మూడు నమూనాలు విఫలమయ్యాక, నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. చట్రం లోహం, లోపలి బిళ్ల పాలిథిలీన్, చుట్టూ పాలియెస్టర్ గుడ్డ. సర్జన్ కుట్లు వేసేది ఆ గుడ్డకే. అమెరికాలో 1950లలో సర్జన్ డాక్టర్ డిబేకీ అంగట్లో డాక్రాన్ అనే పాలియెస్టర్ గుడ్డ కొని, ఇంట్లో కుట్టుమిషను మీద గొట్టాలు కుట్టి, పాడైన రక్తనాళాల స్థానంలో పెట్టాడు. నేత తెలిసినవాళ్లకు ఈ రంగంలో చోటు లేదంటే నేను ఒప్పుకోను.

ఇక పని సంగతి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. సుమారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయాలి, భృతి ఇస్తారు. ఇల్లు గడుపుకోవాల్సిన నీలాంటివాళ్లు భృతి లేని ఇంటర్న్‌షిప్‌ల జోలికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఏం పరిశోధించాలనుకుంటున్నావో రాయమంటారు. మొదటి పేరాలోనే పట్టు ఉడికించే పని గురించి రాయి. చదువు మధ్యలో ఆగిన ఏళ్లను దాచకు, ఆ కాలంలో మగ్గం మీద ఏం నేశావో చెప్పు. ఎంపికైతే వసతి గురించీ బిడ్డ గురించీ ముందే అడుగు. అడగడం తప్పు కాదు, సమాధానం చెప్పడం వాళ్ల బాధ్యత. మార్కులు, ఇంగ్లీషు మాత్రమే చూసి పిల్లల్ని ఎంచుకునే ప్రొఫెసర్లు మంచి చేతుల్ని పోగొట్టుకుంటున్నారు.

ల్యాబులో తెలియని పరికరం కనిపిస్తే ఆ రోజే అడిగి తెలుసుకో. చెడిపోయిన ప్రయోగాన్ని కూడా తేదీ వేసి నోటుబుక్కులో రాయి.

దరఖాస్తు ముందు తెలుగులో రాసి ఈ ఆదివారంలోగా నాకు పంపు. ఇంగ్లీషులోకి ఇద్దరం కలిసి మారుద్దాం.

నీ పెద్దమ్మ