ఫార్మసీ చదువు: సీటు కోసం పరుగెత్తే ముందు



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా వార్డుల్లో రోగాల సంగతి కంటే పిల్లల చదువుల సంగతే ఎక్కువగా వినిపిస్తుంది. డ్రెస్సింగ్ చేస్తున్న సిస్టరును పట్టుకుని "మా పాప బై.పి.సి. చదివిందమ్మా, ఎం.బి.బి.ఎస్. వచ్చేలా లేదు, ఫార్మసీలో వేద్దామా?" అని అడుగుతారు. ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూడా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికి విడిగా చెప్పేదంతా ఈ నెల పాఠంగా ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఒక మాట. డాక్టరు సీటు రాని పిల్లలకు మిగిలిన చదువు ఫార్మసీ అనుకోవడం మాకు నచ్చదు. "కాంపౌండరు చదువే కదా" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఫార్మసిస్టు చేసే పని ఏమిటో ఒక్క ఉదాహరణతో చూడండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి. మి.లీ.కి 100 యూనిట్లవి కూడా ఉన్నాయి. సిరంజిలూ రెండు రకాలే, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రోగి స్పృహ తప్పి పడిపోవచ్చు. మందు ఇచ్చేటప్పుడు సీసానూ సిరంజినీ జతచూసి ఇచ్చేది ఫార్మసిస్టే. నిర్గమకాండము 30వ అధ్యాయంలో అభిషేక తైలానికి ఏ ద్రవ్యం 500 తులాలో, ఏది 250 తులాలో తూకాలతో సహా వ్రాసి ఉంది. కొలత తప్పకపోవడమే ఈ వృత్తి.

ఇక కోర్సుల సంగతి. డి.ఫార్మసీ 2 ఏళ్ల డిప్లొమా. బి.ఫార్మసీ 4 ఏళ్ల డిగ్రీ, 8 సెమిస్టర్లు. ఫార్మ్.డి. 6 ఏళ్లు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఇది మన దేశంలో 2008లో మొదలైంది. డి.ఫార్మసీ చదివినవారు ఈసెట్ వ్రాసి బి.ఫార్మసీ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, పిల్లవాడు త్వరగా సంపాదనలో పడవలసిన ఇళ్లకు ఇది మంచి దారి అని మా అభిప్రాయం.

అమెరికా ఆశ ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు కోసం విదేశీ పట్టభద్రులు ముందుగా ఒక అర్హత పరీక్ష వ్రాయాలి. 2003 జనవరి 1 నుండి డిగ్రీ పొందినవారికి కనీసం 5 ఏళ్ల ఫార్మసీ కోర్సు ఉంటేనే దానికి అనుమతి. మన 4 ఏళ్ల బి.ఫార్మసీ దానికి చాలదు. ఈ సంగతి చేరిన తరువాత తెలిసి బాధపడిన పిల్లలు ఉన్నారు.

డిగ్రీలో చేరడానికి మన రెండు రాష్ట్రాల్లో నీట్ అక్కరలేదు. ఒకప్పటి ఎంసెట్టే దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి దాని పేరు ఈఏపీసెట్. బై.పి.సి. వారే కాదు, ఎం.పి.సి. వారు కూడా ఫార్మసీకి అర్హులే. ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. పరీక్షలో 160 ప్రశ్నలు, 3 గంటల సమయం. బై.పి.సి. వారికి జీవశాస్త్రం 80, భౌతికం 40, రసాయనం 40. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఎస్.సి., ఎస్.టి. వారికి తప్ప మిగిలినవారికి ర్యాంకు రావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం కలుపుతారు. తెలంగాణలో 2023 నుండి కలపడం లేదు. అంతమాత్రాన ఇంటర్ మార్కులు అక్కరలేదని కాదు, సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వారికి 40 శాతం అడుగుతారు.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చెబుతాము. ఇంజనీరింగు కౌన్సెలింగు ముందు అయిపోతుంది. బై.పి.సి. వారిది సాధారణంగా నెలల తరువాత వస్తుంది. ఆ నిరీక్షణలోనే దళారులు ఇంటికి వస్తారు. మా స్త్రీల వార్డులో కాలి పుండుతో ఉన్న ఒక తల్లి చెప్పిన సంగతి ఇది. కొడుకుకు ర్యాంకు వచ్చింది. "కౌన్సెలింగు దాకా ఆగితే సీట్లు అయిపోతాయి" అని ఒకాయన భయపెట్టి మేనేజిమెంటు కోటాలో చేర్పించాడు. రెండు పాడి గేదెలు అమ్మి కట్టారు. కొద్ది వారాలకే కౌన్సెలింగు జరిగింది. అదే కాలేజీలో అతని కంటే తక్కువ ర్యాంకు వచ్చిన పిల్లలు కన్వీనరు కోటాలో చేరారు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనరువి, 30 శాతం మేనేజిమెంటువి. ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనరు సీటుకే గానీ మేనేజిమెంటు సీటుకు రాదు. ఆ తల్లి షుగరు మాత్రలు మానేసి ఆ డబ్బు ఫీజుకు దాచిందని పుండు ముదిరాకగాని మాకు తెలియలేదు.

కాబట్టి కౌన్సెలింగుకు ఓపిక పట్టండి. వెబ్ ఆప్షన్లు పిల్లల చేతనే పెట్టించండి. తమకు నిజంగా ఇష్టమైన కాలేజీ మొదట, ఆ తరువాత ఇష్టమైనది, అలా వరుసగా పెట్టాలి. "మీ ఆప్షన్లు మేమే పెడతాం" అని ఫోనులో ఓ.టి.పి. అడిగేవారికి ఇవ్వకండి. యూనివర్సిటీ కాలేజీలను మరచిపోకండి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, వరంగల్లులో కాకతీయ, గుంటూరు దగ్గర నాగార్జున, ఆడపిల్లలకు తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ఏ కాలేజీ అయినా ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. 1948 ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన సంస్థ ఇది. ఆమోదం లేని చోట చదివితే రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. నమోదు కానివారు ఫార్మసిస్టుగా మందులు ఇవ్వకూడదు. ఆమోదిత కాలేజీల పట్టికను కౌన్సిల్ తన వెబ్‌సైటులో పెడుతుంది. కాలేజీ పేరే కాదు, మీరు చేరే కోర్సుకు, మీరు చేరే సంవత్సరానికి ఆమోదం ఉందో లేదో చూడండి. ఫార్మ్.డి. అయితే కనీసం 300 పడకల ఆసుపత్రితో సంబంధం ఉండాలని నిబంధన. ఏ ఆసుపత్రి అని అడిగి, ఒకసారి వెళ్లి చూసి రండి. బోర్డు చూసి కాదు, పిల్లలు నిజంగా వార్డుల్లో తిరుగుతున్నారో లేదో చూసి నిర్ణయించుకోండి.

సర్టిఫికెట్ల విషయంలో మన సంఘ కుటుంబాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులు. ఒకటి, పేరు. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒకటి, బాప్తిస్మపు పేరు ఇంకొకటి. చదువుకు పదవ తరగతి మెమోలో ఉన్న పేరే లెక్క. ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో, ఆదాయ ధ్రువపత్రంలో అదే పేరు, అవే అక్షరాలు ఉండాలి. "మేరీ" ఒకచోట ఉండి ఒకచోట లేకపోయినా పరిశీలన దగ్గర ఆపుతారు. 6వ తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కూడా కావాలి. మిషను హాస్టళ్లలో ఉండి బళ్లు మారిన పిల్లలు సెలవుల్లోనే అవి తెచ్చుకోవాలి.

రెండవది, కులం. ఇది చాలా ఇళ్లలో మెల్లగా మాట్లాడుకునే సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్.సి. హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. ఎస్.సి. కులాల నుండి క్రైస్తవులైన కుటుంబాల పిల్లలకు మన రెండు రాష్ట్రాల్లోనూ బి.సి.-సి గ్రూపు ఉంది, రిజర్వేషన్ 1 శాతం. ఎస్.టి. వారి హోదాకు మతంతో సంబంధం లేదు. బాప్తిస్మం పొంది క్రైస్తవ విశ్వాసంలో నడుస్తూ ఎస్.సి. ధ్రువపత్రం కోరడం చెల్లదని 2024 నవంబరులో పుదుచ్చేరి నుండి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక్క శాతం చాలా తక్కువని మాకూ తెలుసు, ఆ బాధ మాదీ. అయినా రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే చదువు మధ్యలో పోయేది పిల్లలకే. బి.సి.-సి పత్రం ఎలా తీసుకోవాలో మీ మండల తహశీల్దారు కార్యాలయంలో ముందే అడగండి.

మరొక మాట చదివేవారికే. డిగ్రీ వచ్చాక కొందరు మెడికల్ షాపులకు సర్టిఫికెట్ అద్దెకిస్తారు. గోడ మీద ఫ్రేములో పేరు వేలాడుతుంది, మనిషి ఇంకో ఊళ్లో ఉంటాడు. అక్కడ మందు ఇచ్చేది లెక్కలు చూసే కుర్రవాడు. నెలనెలా ఊరికే వచ్చే డబ్బు అనిపిస్తుంది గానీ, పైన చెప్పిన ఎర్ర మూత, నారింజ మూత తేడా ఆ కుర్రవాడికి ఎవరు చెబుతారు?

ఈ చదువు తమకు సరిపడుతుందో లేదో తెలియని పిల్లలు శనివారం మధ్యాహ్నం ఓ.పి. రద్దీ తగ్గాక మా ఫార్మసీ కిటికీ దగ్గరకు రావచ్చు. మందుల చీటీ ఎలా చదువుతారో, ఫ్రిజ్‌లో ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఎలా ఉంచుతారో, గడువు దాటినవి ఎలా ఏరి పక్కన పెడతారో ఒక గంట నిలబడి చూడండి. వచ్చేటప్పుడు టెన్త్ మెమో, ఆధార్ జిరాక్సులు తెచ్చుకుంటే పేర్లు సరిపోయాయో లేదో మేమే చూసి చెబుతాము.