కనిపించేది నూటికి అయిదు పాళ్ళే

దివ్య ఖుర్‌ఆన్ 69వ సూరా ‘అల్ హాఖ్ఖ’లో అల్లాహ్ మనకు కనబడే వాటిపై ప్రమాణం చేశాడు. ఆ వెంటనే కనబడని వాటిపైనా ప్రమాణం చేశాడు. ఆ రెండో మాటను మనం పారాయణంలో త్వరగా దాటిపోతాం. కనబడనివంటే దైవదూతలు, జిన్నాతులు అనుకుని ఊరుకుంటాం. కాని మన తలపైనున్న ఆకాశంలోనే కనబడని సృష్టి ఎంత ఉందో ఒకసారి చూద్దాం.

క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ అనే ముస్లిం ఖగోళవేత్త తన నక్షత్ర గ్రంథంలో ఒక చిన్న మబ్బుతునకను నమోదు చేశారు. నేడు దాన్నే ఆండ్రోమెడా గెలాక్సీ అంటున్నాం. నవంబరు, డిసెంబరు నెలల్లో చంద్రుడు లేని రాత్రి, ఇషా నమాజు తర్వాత, వీధిదీపాలకు దూరంగా నిలబడి ఉత్తరం వైపు ఎత్తుగా చూస్తే మన కంటికీ ఆనుతుంది. ఆ వెలుగు 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరినది!

1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఈ గెలాక్సీ తిరిగే వేగాన్నే కొలిచారు. సూర్యుడికి దగ్గరున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు తిరిగితే, దూరాన ఉన్న నెప్ట్యూన్ 5 కిలోమీటర్ల పైచిలుకే తిరుగుతుంది. దూరం పెరిగితే వేగం తగ్గాలి. ఆండ్రోమెడా అంచుల్లో మాత్రం తగ్గలేదు. తర్వాత చూసిన ఇతర గెలాక్సీల్లోనూ అంతే. అంత వేగంతో తిరిగేవి చెదిరిపోకుండా పట్టి ఉంచాలంటే కనబడేదానికి ఎన్నో రెట్ల పదార్థం అక్కడ ఉండాలి. అది వెలుగునివ్వదు, వెలుగును అడ్డుకోదు. దానికే కృష్ణ పదార్థమని పేరు పెట్టారు. అది దేనితో తయారైందో నేటికీ ఎవరికీ తెలియదు.

1964లో పెంజియాస్, విల్సన్‌లకు ఆకాశం నలువైపుల నుంచి ఒకే తీరుగా సన్నని రొద వినిపించింది. యాంటెనాలో చేరిన పావురాల రెట్టలు కడిగి చూసినా పోలేదు. అది తొలినాటి విశ్వపు వేడిలో మిగిలిన శేషం. 2009లో ప్రయోగించిన ప్లాంక్ ఉపగ్రహం దాన్ని నిశితంగా కొలిచింది. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలని, అందులో మనకు తెలిసిన పదార్థం నూటికి 5 పాళ్ళేనని తేలింది. 27 పాళ్ళు కృష్ణ పదార్థం. మిగిలిన 68 పాళ్ళు కృష్ణ శక్తి. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో కనుగొన్నప్పుడు, దానికి కారణంగా చెప్పుకున్న శక్తి ఇది. ఆ శక్తి కాలక్రమంలో బలహీనపడుతోందేమోనన్న సూచనలు 2025లో వెలువడ్డాయి. అవి ఇంకా రుజువు కాలేదు.

ఇక్కడ మన ఇళ్ళలో జరిగే ఒక విషయం చెప్పుకోవాలి. అల్ అంబియా సూరా 30వ ఆయతులో ఆకాశాలు, భూమి కలిసి ఉండి తర్వాత వేరయ్యాయన్న ప్రస్తావన ఉంది. ఇదే మహా విస్ఫోటనమని, సైన్సు ఖుర్‌ఆన్‌ను రుజువు చేసిందని పిల్లలకు గర్వంగా చెబుతాం. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి వచ్చిన ఒక వ్యాఖ్యానం వేరు. ఆకాశం వాన కురవక, భూమి మొలకెత్తక మూసుకుని ఉంటే, అల్లాహ్ ఒకదాన్ని వానతో, మరొకదాన్ని పైరుతో తెరిచాడని దాని భావం. టెలిస్కోపు లేని ఆ తరం విశ్వాసానికి లోటేమీ రాలేదు. రేపు శాస్త్రజ్ఞులు లెక్క మార్చుకుంటే, సైన్సు మీద నిలబెట్టిన మన పిల్లవాడి ఈమాన్ ఏమవుతుంది?

విశ్వం విస్తరిస్తోందని 1927లోనే చెప్పిన లెమైటర్ స్వయంగా క్రైస్తవ మతగురువు. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపినప్పుడు ఆయన సంతోషించలేదు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు వెలుపలిదనే ఆయన వాదన. 1952లో ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు ప్రసంగించినప్పుడు పోప్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.