రక్తం కల్చర్: సీసా పద్ధతి, మిషను పద్ధతి

చలి, వణుకు, ఆయాసంతో తగ్గని జ్వరం ఉన్న రోగి రక్తంలో సూక్ష్మక్రిములు చేరాయేమో తెలిపే పరీక్ష బ్లడ్ కల్చర్. దీనిని రెండు విధాలుగా చేస్తారు.

మొదటిది చేతి పద్ధతి. పోషక ద్రవం గల సీసాలో రక్తం కలిపి, 35–37 డిగ్రీల వేడిలో 7 రోజుల వరకు ఉంచుతారు. ద్రవం మసకబారిందా అని టెక్నీషియన్ రోజూ చూస్తారు. ఖర్చు తక్కువ, కాని రాత్రి పెరిగిన క్రిమి తెల్లవారాకే తెలుస్తుంది.

రెండవది బ్యాక్టెక్, బ్యాక్ట్ అలర్ట్ వంటి మిషన్లు. క్రిములు విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను సీసా అడుగునున్న సెన్సర్ పసిగడుతుంది. మిషను ప్రతి 10 నిమిషాలకు చూస్తుంది. పాజిటివ్‌లు ఎక్కువగా 48 గంటల్లోపే తేలతాయి; మామూలుగా 5 రోజులు చాలు. అయితే సీసాల ధర ఎక్కువ, కరెంటు తప్పనిసరి.

ఏ పద్ధతైనా ఫలితం రక్తం తీసే చేతిలోనే ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల నుండి వచ్చేవారిలో కొందరు ముందే ఆర్.ఎం.పి. వద్ద యాంటీబయోటిక్ వేయించుకొని వస్తారు. అప్పుడు క్రిమి ఉన్నా పెరగకపోవచ్చు. కనుక మనం గుర్తుంచుకోవలసినవి:

1. ఏ మందు వాడారో అడిగి చీటీపై రాయాలి.
2. యాంటీబయోటిక్‌కు ముందే రక్తం తీయాలి. సీరియస్ రోగికి మాత్రం ఈ పేరుతో మందు ఆలస్యం చేయరాదు.
3. చర్మాన్ని మందుతో తుడిచి, ఆరనివ్వాలి.
4. పెద్దలకు సీసాకు 8–10 మి.లీ. చొప్పున, రెండు వేర్వేరు చోట్ల తీయాలి. పిల్లలకు బరువును బట్టి తక్కువ.
5. సీసాను ఫ్రిజ్‌లో పెట్టక, వెంటనే ల్యాబుకు పంపాలి.

దేవుడు మనకప్పగించిన రోగి ప్రాణం ఒక్కోసారి ఈ చిన్న జాగ్రత్తలపైనే ఆధారపడుతుంది.