డైవింగ్‌కు ముందు ఒక కాగితం

ఎల్‌ఎఫ్‌సీ మీద అండమాన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఇప్పుడు స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హావ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ కూడా చేసి వస్తున్నారు. పదేళ్లు నిండిన పిల్లలనూ తీసుకెళ్తున్నారు. టికెట్లు క్లెయిమ్‌కు కావాలి గనక భద్రంగా దాస్తాం. ఆపదలో కావలసిన కాగితం గురించి మాత్రం ఆలోచించం.

ఆ కాగితం నీళ్లలో దిగేవారి బ్యాగులో కాదు, ఒడ్డున ఉండేవారి చేతిలో ఉండాలి. మనిషి మాట్లాడలేని స్థితిలో ఉండి, వివరాలన్నీ లాక్ వేసిన ఫోన్‌లో ఉంటే ఏం లాభం? పైగా ద్వీపాల్లో సిగ్నల్‌ను నమ్ముకోలేం. అందరూ ముందుగా బ్లడ్ గ్రూపు రాస్తారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం రోజూ వాడే మందులు, పడని మందులు, పాత జబ్బులు, ఇంటి దగ్గర ఫోన్ ఎత్తే ఇద్దరి నంబర్లు. అత్యవసర నంబరు 112, సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ నంబరు 1554 కూడా రాయండి. డైవింగ్ జబ్బుకు వైద్యం చేసే ప్రెషర్ చాంబర్ ప్రతి ఆసుపత్రిలో ఉండదు. దగ్గరలో ఎక్కడుందో డైవ్ సెంటర్‌ను అడిగి చేర్చండి.

డైవ్ సెంటర్ ఇచ్చే ఆరోగ్య ఫారాన్ని చదవకుండా అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టే అలవాటు మనకుంది. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ వంటివి ఉంటే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. దాన్ని మన ఊళ్లోనే తీసుకుని బయల్దేరడం మేలు.

గ్రూపు ఆరోగ్య బీమా ఉందిగా అంటారా? సాహస క్రీడలకు మినహాయింపు ఉందేమో చూడండి. నేనైతే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుంటాను. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ దగ్గర నిలవదని మనకు తెలియనిది కాదు.

కాగితం వెనక వైపు ఖాళీగా ఉంచండి. డైవ్ అయిన వెంటనే ఎంత లోతుకు వెళ్లారో, ఎంతసేపు ఉన్నారో, ఎన్ని గంటలకు పైకి వచ్చారో అక్కడ రాయాలి. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే అది బుడగలై కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం తెస్తుంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఈ ముప్పు పెరుగుతుంది. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. డైవింగ్‌ను ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకండి.

ఇంటికి చేరాక మోకాలు పీకినా, చెయ్యి తిమ్మిరెక్కినా మామూలు నొప్పి అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో డాక్టరుకు డైవింగ్ సంగతి తనంతట తానుగా తట్టకపోవచ్చు. డైవ్ చేశామన్నది మొదటి మాటగా చెప్పి, కాగితం వెనక వైపు చూపించండి.