గురక - నాలుక నాడికి విద్యుత్ చికిత్స

ఇంటిలో ఎవరైనా గురక పెడితే ఒళ్లెరుగని నిద్ర అని మనం నవ్వుకొంటాము. కాని ‘గ్యాంగ్ లీడర్’ చిత్రానికి సంగీతం కూర్చిన బప్పీ లహరి 2022లో మరణించినప్పుడు, నిద్రలో శ్వాస ఆగే వ్యాధియే కారణమని వైద్యులు తెలిపారు.

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి శ్వాసమార్గాన్ని మూసివేస్తుంది. 10 సెకండ్లు, అంతకు మించి కూడ ఊపిరి ఆగుతుంది. ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలికిపడి మేల్కొలుపుతుంది. రాత్రంతయు ఇదే వరుస. పగటి మగత, రక్తపోటు, గుండెజబ్బు దీని ఫలితాలు.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ ముక్కు తొడుగు ద్వారా ఒత్తిడితో గాలి పంపే పద్ధతిని ప్రకటించాడు. నేటికీ మొదట సూచించేది అదియే. దానిని భరించలేని పెద్దలలో కొందరికి ఛాతీ చర్మం కింద చిన్న విద్యుత్ పరికరాన్ని అమర్చి, దాని తీగను నాలుకను కదిలించే 12వ కపాలనాడికి కలుపుతారు. రోగి పడుకొనే ముందు దానిని పనిచేయిస్తాడు. స్వల్ప విద్యుత్తు నాలుకను ముందుకు జరిపి దారి తెరుస్తుంది. 2014లో ప్రకటితమైన 126 మంది పరిశీలనలో, గంటకు 29 వరకు ఉండిన శ్వాస అంతరాయాల మధ్యస్థ సంఖ్య ఏడాదిలో 9కి తగ్గింది. ఆ సంవత్సరమే అమెరికా అనుమతించింది.

అయితే ఇది శస్త్రచికిత్స, ఖర్చు అధికం, అందరికీ తగదు. మొదటి మెట్టు మన చేతిలోనే ఉన్నది. ఊపిరి ఆగినట్లు నిద్రించువానికి తెలియదు, పక్కనున్నవారికే తెలుస్తుంది. మన సిద్దిపేట ఇళ్లలో పెద్దల గురక నడుమ నిశ్శబ్దం వినిపిస్తే, నవ్వక వైద్యుని వద్దకు తీసికొనిపోదము.