చెరువు నీటికి పద్దు: యాసంగి సాగుకు ముందు లెక్క, తరువాత తనిఖీ

చెరువు క్రింద సేద్యము మన రైతులకు క్రొత్త కాదు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల క్రింద నేటికిని పంటలు పండుచున్నవి. అయినను అనేక గ్రామాలలో యాసంగిలో ఒకే కష్టము కనబడుచుండును. సంక్రాంతి నాటికి చెరువులో నీరు చూచి అందరును వరి నాట్లు వేయుదురు. ఉగాది వచ్చునప్పటికి తూము ముందు బురద మిగులును. ఎగువ మళ్లలో గింజ గట్టిపడుచుండగా దిగువ మళ్లలో పైరు పొట్టతోనే ఎండిపోవును. విత్తనము, ఎరువు, కూలి అన్నియు పెట్టిన తరువాత పోయిన పంట అది. నీటిని కొలవక ముందే ఎకరాలు నిర్ణయించుటయే ఈ నష్టమునకు ముఖ్య కారణము. దీనిని తప్పించుకొను పద్ధతి కష్టమైనది కాదు. ఒక వెదురుబొంగు, ఒక గడియారము, ఒక నోటు పుస్తకము ఉన్న చాలును.

నీరు ఎంత ఉన్నది?

వానలు వెనుకబట్టి, అలుగు పారుట ఆగిన తరువాత, డిసెంబరు ఆఖరున నీటిని కొలవవలెను. ఒక ఎకరముపై ఒక అడుగు లోతు నిలుచు నీటిని ఎకరా అడుగు అందురు. చెరువు పళ్లెము వంటిది గనుక కట్ట వద్ద ఉన్న లోతు అంతటను ఉండదు. మిక్కిలి లోతైన చోట ఉన్న లోతులో సుమారు మూడవ వంతును సగటు లోతుగా తీసికొనవచ్చును. పలుచోట్ల బొంగుతో కొలిచి సగటు తీసినచో ఇంకను మేలు.

ఉదాహరణకు, నీరు 60 ఎకరాల మేర పరచుకొని, కట్ట వద్ద 12 అడుగుల లోతు ఉన్నదనుకొందము. సగటు లోతు 4 అడుగులు. మొత్తము నీరు 240 ఎకరా అడుగులు. ఇందులో ఎండకు ఆవిరియగునది, భూమిలోనికి ఇంకునది, తూము మట్టమునకు దిగువన ఉండునది, పశువులకు మిగుల్చవలసినది కలిపి మూడవ వంతు, అనగా 80, తీసివేయుదము. తూము ద్వారా వచ్చునది 160. కాలువలో నాలుగవ వంతు, అనగా 40, పోవును. మడికి చేరునది 120 ఎకరా అడుగులు మాత్రమే. మీ చెరువుకు మీ కొలతలే వేసికొనవలెను.

ఎన్ని ఎకరాలు? ఏ పంట?

యాసంగి వరికి దమ్ముతో కలిపి సుమారు 4 అడుగుల నీరు కావలెను. మొక్కజొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు సుమారు 2 అడుగులు చాలును. కావున పై చెరువు క్రింద అంతయు వరి వేసినచో 30 ఎకరాలే పండును. 10 ఎకరాలు వరి, 40 ఎకరాలు ఆరుతడి పంటలు వేసినచో అదే నీటితో 50 ఎకరాలు పండును. కట్ట క్రింద ఊట దిగు బరువు నేలలను వరికి ఉంచి, నీరు ఇంకిపోవు తేలిక నేలలలో ఆరుతడి పంటలు వేయవలెను. ఆయకట్టు 100 ఎకరాలు ఉన్నను ఈ ఏడు నీరు 50కే ఉన్నదని నారు పోయక ముందే అందరికిని తెలియవలెను. ఏ భూమికి నీరు లేదో ముందుగా చెప్పుట కఠినముగా తోచవచ్చును. కాని పెట్టుబడి పెట్టిన తరువాత చెప్పుట అంతకన్న కఠినము.

వంతులు

కాలువ తిన్నగా ఉన్న చోట 30 అడుగులు కొలిచి, పైకొనలో ఒక పుల్లను వదలి, క్రిందికొనకు ఎన్ని సెకండ్లలో చేరునో చూడుడు. కాలువలో నీటి వెడల్పు 2 అడుగులు, లోతు అర అడుగు, పుల్ల చేరుటకు 24 సెకండ్లు పట్టినదనుకొందము. పుల్ల వేగము సెకండుకు అడుగుంబావు. పైనీరు అడుగునీటికన్న వేగముగా పోవును గనుక ఇందులో పదింట ఎనిమిది వంతులనే తీసికొనవలెను. అప్పుడు ప్రవాహము ఒక క్యూసెక్కు అగును. ఒక క్యూసెక్కు గంటసేపు పారినచో ఒక ఎకరమున ఒక అంగుళము నీరు నిలుచును. రెండున్నర అంగుళాల తడికి ఎకరమునకు రెండున్నర గంటలు. 40 ఎకరాల ఆరుతడికి 100 గంటలు, అనగా నాలుగు రోజుల నాలుగు గంటలు. ఈ లెక్కన ఎవరి వంతు ఏ రోజు, ఏ గంటకు మొదలగునో వ్రాసి పంచాయతీ కార్యాలయము వద్ద అంటించవలెను. వంతు కాలువ చివరి మడితో మొదలుపెట్టినచో ఎగువవారు గండి కొట్టుటకు అవకాశము తగ్గును.

వారము వారము తనిఖీ

ప్రణాళిక వ్రాసినంతమాత్రమున నీరు దాని ప్రకారము నడువదు. తూము వద్ద అడుగులు, అంగుళాలు గుర్తించిన రాయి పాతి, ప్రతి సోమవారము ఉదయము నీటిమట్టమును, తూము తెరచిన గంటలను పుస్తకములో వ్రాయవలెను. ఈ పని నీరటికి అప్పగించి, చివరి ఆయకట్టు రైతు ఒకరిని సాక్షిగా ఉంచుట మంచిది.

ఒకటి: ఒక క్యూసెక్కు ఇరువది నాలుగు గంటలు పారినచో సుమారు 2 ఎకరా అడుగులు ఖర్చగును. మన ఉదాహరణలోని 160 ఎకరా అడుగులను మొదటి నెలకు 50, రెండవ నెలకు 60, మూడవ నెలకు 50గా కేటాయించి, నెలనెలా సరిచూచుకొనవలెను. మట్టము సగము తగ్గినదనగా నీరు సగము ఉన్నదని భ్రమపడరాదు. పళ్లెము అడుగున నీరు తక్కువ.

రెండు: తూము వద్దను, కాలువ చివరను ఒకే రోజు ప్రవాహము కొలవవలెను. తూము వద్ద ఒకటిన్నర క్యూసెక్కు ఉండి చివరకు ఒకటి మాత్రమే చేరినచో మూడవ వంతు దారిలో పోవుచున్నదన్నమాట. తుంగ, పూడిక తీసి, గండ్లు పూడ్చవలెను.

మూడు: తూము మూసిన రోజులలో గూడ మట్టము చూడవలెను. వేసవిలో ఆవిరి వలన రోజుకు సుమారు పావు అంగుళము మొదలు అంగుళములో మూడవ వంతు వరకు తగ్గును. అంతకు రెట్టింపు తగ్గినచో తూము తలుపును, కట్ట అడుగును పరీక్షింపవలెను.

నీరు కేటాయింపునకు మించి ఖర్చయినచో వెంటనే పొదుపు మొదలుపెట్టవలెను. వరిలో నాటిన రెండు వారాల తరువాత, మడిలో పాతిన రంధ్రాల గొట్టములో నీరు నేలకు 6 అంగుళాల దిగువకు పోయిన తరువాతనే మరల తడిపిన చాలును. అయితే పూతకు ఒక వారము ముందు మొదలు ఒక వారము తరువాత వరకు 2 అంగుళాల నీరు నిలిపి ఉంచవలెను. మొక్కజొన్నకు జల్లు, పీచు వచ్చునప్పుడును, వేరుశనగకు పూత, ఊడలు దిగునప్పుడును తడి తప్పరాదు. నీరు మిగులునట్లు కనబడినను నడుమ క్రొత్త ఎకరాలు చేర్చరాదు. అది వేసవిలో పశువులకు ఆధారమగును.

ఉమ్మడి రాష్ట్రములో 1997లో చేసిన సాగునీటి యాజమాన్య చట్టము ద్వారా నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. సంఘము ఉన్నను లేకున్నను ఆయకట్టుదారులందరు డిసెంబరులో ఒకసారి కూడి ఈ లెక్క వేసికొనవచ్చును. పంట కోసిన తరువాత పుస్తకమును దాచి ఉంచుడు. ఏ నెలలో ఎంత నీరు పోయినది, చివరి మడికి ఎన్ని తడులు అందినవి అన్న సంగతి వచ్చే యాసంగికి అదియే చెప్పును.