సెన్సర్ చెప్పిందని సెంట్రింగ్ విప్పొచ్చా?

ప్రశ్న: భిలాయ్ వైశాలి నగర్‌లో ఇల్లు కట్టిస్తున్నాం. స్లాబులో సెన్సర్లు పెట్టామనీ, బలం ఎంత వచ్చిందో ఫోన్‌లోనే తెలుస్తుందనీ కాంట్రాక్టర్ ఐదో రోజే సెంట్రింగ్ విప్పుతానంటున్నాడు. రేపు పగుళ్లొస్తే బాధ్యత ఎవరిది?

జవాబు: అతను అడుగుతున్నది నిబంధనలకు విరుద్ధమేమీ కాదు. విప్పే సమయానికి కాంక్రీటు మీద పడే ఒత్తిడికి కనీసం రెండింతల బలం వచ్చి ఉండాలన్నదే కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెప్పే అసలు సూత్రం. స్లాబు కింది సపోర్టులను 4.5 మీటర్ల లోపు స్పాన్‌కు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలన్న లెక్క సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకూ, 15 డిగ్రీలకు తగ్గని వాతావరణానికీ వర్తిస్తుంది.

చిక్కు మీ ఊళ్లోనే ఉంది. ఉక్కు కర్మాగారం పక్కనే ఉన్నచోట స్లాగ్ సిమెంటు వాడకం మామూలే. దానికి చివరికి బలం బాగానే వస్తుంది గానీ మొదటి రోజుల్లో నిదానం, చలికాలం రాత్రుల్లో మరీ నిదానం. పైగా సెన్సర్ కొలిచేది బలాన్ని కాదు, వేడిని. ఆ వేడిని, గడిచిన గంటలను కలిపి, అదే మిక్స్‌తో ముందుగా క్యూబులు పగలగొట్టి గీసుకున్న రేఖ మీద బలాన్ని అంచనా వేస్తారు. ఆ రేఖ వేరే సిమెంటుదైతే ఫోన్‌లో కనిపించే అంకె మీ స్లాబుది కాదు. మేస్త్రి మిక్సర్‌లో రెండు బకెట్ల నీళ్లు ఎక్కువ పోసినా సెన్సర్‌కు తెలియదు. లేత కాంక్రీటును నమ్మితే ఏమవుతుందో 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని విల్లో ఐలండ్‌లో తేలింది. కూలింగ్ టవర్ కడుతుండగా, లేత కాంక్రీటుకు బిగించిన పరంజా కూలి 51 మంది చనిపోయారు.

కాబట్టి స్లాబు పోయకముందే ఒప్పందంలో ఇవి రాయించండి: ఆ రేఖ ఏ మిక్స్‌దో చూపాలి, అదనంగా క్యూబులు పోసి విప్పేముందు పరీక్షించాలి, ఇంజనీరు సంతకం లేనిదే జాకీ కదలకూడదు, సెన్సర్ డేటా మొత్తం మీ చేతికివ్వాలి. స్క్రీన్‌షాట్ పంపి ఊరుకుంటే కుదరదనండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. వినియోగదారుల కమిషన్ అంత పట్టుబట్టకపోయినా తీసిపెట్టుకోవడమే మేలు.

ఇల్లు కట్టివ్వడం సేవ కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే దుర్గ్ జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. వివాదానికి కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. 5 లక్షల వరకు ఫీజు లేదు. మెటీరియల్ మీరే కొని కూలీ మాత్రమే మాట్లాడుకుని ఉంటే, సిమెంటుదే తప్పని అతను చేతులు దులుపుకుంటాడు. బస్తాల బిల్లులు దాచండి. రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్టులో ఫ్లాట్ కొన్నవారి దారి వేరు: స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

ఇప్పటికే విప్పేసి ఉంటే ప్లాస్టరింగ్ ఆపండి. కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసిచ్చి, అతని ఎదుటే గుర్తింపు ఉన్న ల్యాబు చేత కోర్ (స్లాబులోంచి తొలిచిన నమూనా) తీయించండి. కోర్ల సగటు, ఆ వయసుకు రావాల్సిన క్యూబు బలంలో 85 శాతమైనా ఉండాలి. ఏ ఒక్క కోర్ కూడా 75 శాతానికి తగ్గకూడదు.